నాలుగు మార్కుల యుద్ధం

2025 మే 7. ఆ తెల్లవారుజామునే సరిహద్దు అవతల మనవాళ్ళు చేసిన దాడుల వార్త వచ్చింది. సాయంత్రం నాలుగింటికి హైదరాబాదులో మాక్‌డ్రిల్ అన్నారు, సైరన్లు మోగించారు. వెంగళరావు నగర్‌లో మా మేడ మీద గదిలో అప్పుడు ఏడుగురు పిల్లలున్నారు. తొమ్మిది పూర్తయి పదిలోకి వెళ్ళబోతున్నవాళ్ళు. రిటైరయ్యాక వేసవి సెలవుల్లో ఇలా నలుగుర్ని పోగేసి సాంఘికశాస్త్రం చెప్పడం నాకు అలవాటు. ఫీజు లేదు, మా ఆవిడ ఇచ్చే మజ్జిగ అదనం.

ఆ రోజు పాఠం సాగలేదు. అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఒకడు తల ఎత్తి, కళ్ళు మెరిపిస్తూ, "ఈసారి ఫుల్ వార్ కావాలె సార్, మస్తుంటది" అన్నాడు.

నేను కోప్పడలేదు. వాడు చెడ్డపిల్లవాడేం కాదు. పైగా అంతకు పది రోజుల ముందే రెండో ప్రపంచ యుద్ధానికి కారణాలు రాయమంటే చక్కగా రాసి నాలుగుకి నాలుగు మార్కులూ తెచ్చుకున్నవాడు. ఉగ్ర జాతీయవాదం, సామ్రాజ్యవాదం, రహస్య ఒప్పందాలు, సైనికవాదం, వర్సెయిల్స్ సంధి, నానాజాతి సమితి వైఫల్యం. ఒక్కటీ వదల్లేదు. అన్ని కారణాలూ తెలిసినవాడికి యుద్ధం మస్తుగా కనబడుతోందంటే ఎక్కడో లెక్క తప్పింది. తప్పింది వాడికి కాదు. ముప్ఫై ఏళ్ళు గవర్నమెంటు హైస్కూల్లో ఇదే పాఠం చెప్పిన నాకు.

అందుకే ఆ నెలంతా పుస్తకం కాస్త పక్కన పెట్టి, మన తెలుగువాళ్ళు యుద్ధం మీద తీసిన రెండు సినిమాలు పిల్లలతో కలిసి చూశాను. ఒకటి 2015లో క్రిష్ తీసిన 'కంచె', రెండోది 2017లో సంకల్ప్ రెడ్డి తీసిన 'ఘాజీ'. రెండూ తెలుగులో ఉత్తమ చిత్రాలుగా జాతీయ అవార్డు తెచ్చుకున్నవే. రెండూ గౌరవించదగ్గ ప్రయత్నాలే. మా పేటకి కూతవేటు దూరంలో ఉన్న ఫిలింనగర్ పరిశ్రమ యుద్ధం గురించి పిల్లలకి ఏం నేర్పుతోంది, ఏం నేర్పడం లేదు అన్నది ఈ వ్యాసం.

ముందు పాఠ్యపుస్తకానికి న్యాయం చెయ్యాలి. 1900 నుంచి 1950 దాకా ప్రపంచం ఎలా నడిచిందో రెండు భాగాలుగా చెప్పే ఆ పాఠాలు నాకు ఇష్టమైనవే. యుద్ధాల్ని రాజుల పేర్లతో, తేదీలతో కాకుండా కారణాలతో చెప్తాయి. తక్షణ కారణం వేరు, ఎప్పట్నించో పేరుకున్న కారణం వేరు అని విడదీస్తాయి. 1914లో ఆస్ట్రియా యువరాజు హత్య అగ్గిపుల్ల అయితే, అంతకుముందే పోగైన ఎండుగడ్డి ఏమిటో చూడమంటాయి. మా చిన్నప్పటి పుస్తకాలతో పోలిస్తే ఇది చాలా మెరుగు.

ఇబ్బంది ఎక్కడంటే, ఆ వాక్యాల్లో మనుషులుండరు. 'జాతీయవాదం యుద్ధానికి దారితీసింది' అంటాం. జాతీయవాదానికి కాళ్ళున్నాయా, దారి తీయడానికి? నిర్ణయం ఎవరు తీసుకున్నారు, ఎవరికి లాభం, ఎవరు వద్దన్నారు, వద్దన్నవాళ్ళ మాట ఎందుకు నెగ్గలేదు? ఇవి అడక్కపోతే యుద్ధం తుఫానులాగా దానంతటది వచ్చినట్టే ఉంటుంది. తుఫానుని ఎవరాపగలరు? చూడ్డానికి బావుంటుంది, మన ఇల్లు కూలనంత వరకు.

సినిమాకి ఈ లోపం ఉండదని నా ఆశ. సినిమాలో మనుషులుంటారు.

'కంచె' మొదలైన కాసేపటికే పిల్లలు ఫోన్లు పక్కన పెట్టేశారు. దూపాటి హరిబాబు బ్రిటిష్ ఇండియన్ సైన్యంలో చేరి యూరప్‌లో పోరాడుతుంటాడు. అతను ప్రేమించిన సీత అన్న ఈశ్వర్ అదే సైన్యంలో అతనికి పై అధికారి. ఒక కథ యుద్ధభూమిలో, ఇంకో కథ కులాల మధ్య కంచె వేసుకున్న పల్లెటూళ్ళో. సినిమా ఈ రెండిటి మధ్యా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. ఊళ్ళో కంచె, దేశాల మధ్య కంచె ఒకటేనని చెప్పడం దాని ఉద్దేశం. ఫలానా రక్తం గొప్పది, ఫలానా రక్తం తక్కువది అనే ఆలోచన జర్మనీలో గ్యాస్ చాంబర్లదాకా వెళ్తే, మన ఊళ్ళో కత్తులదాకా వెళ్ళింది అంటుంది. నాజీల బారి నుంచి ఒక పసిబిడ్డను కాపాడ్డానికి తెలుగువాడు ప్రాణం పణంగా పెట్టడంలో ఆ ఆలోచన చిక్కబడుతుంది.

తెలుగు వ్యాపార సినిమా ఈ మాట అనడం చిన్న సంగతి కాదు. యుద్ధాన్ని మన వాకిట్లోకి తెచ్చింది. ఎక్కడో తెల్లవాళ్ళు కొట్టుకున్నారు, మనకేం అనుకునే పిల్లవాడికి, నీ ఊళ్ళో కూడా దీని విత్తనం ఉంది చూడు అని చూపించింది. ఈ మంచిని నేను తక్కువ చెయ్యను.

కానీ సినిమా అయ్యాక పిల్లల్ని యుద్ధం ఎందుకొచ్చిందని అడిగితే, అందరిదీ ఒకటే జవాబు: "అహంకారం వల్ల సార్."

తప్పు అనలేను, ఒప్పు అననూలేను. పోలిక వేరు, కారణం వేరు. ఊళ్ళో కులాహంకారం, జర్మనీలో జాత్యహంకారం ఒకదానికొకటి అద్దంలా ఉన్నాయంటే అది పోలిక. మరి అహంకారం 1925లోనూ ఉంది కదా, అప్పుడెందుకు రాలేదు యుద్ధం? 1919 వర్సెయిల్స్ సంధి జర్మనీ నెత్తిన పెట్టిన నష్టపరిహారం, 1929 ఆర్థికమాంద్యం, లక్షల మంది నిరుద్యోగం, కమ్యూనిస్టులంటే భయంతో హిట్లర్‌ని 1933లో గద్దె మీద కూచోబెట్టిన పెద్దమనుషులు, అతను ఒక్కో దేశాన్నీ మింగుతుంటే సర్దుకుపోయిన ప్రభుత్వాలు, ఆఖరికి 1939 సెప్టెంబరు 1న పోలండ్ మీద దాడి. ఈ మెట్లలో ఏ ఒక్కదాని దగ్గరైనా ఇంకోలా జరిగే వీలుంది. అహంకారం అనే ఒక్క మాట ఈ మెట్లన్నిటినీ చెరిపేస్తుంది. కారణాన్ని నీతిగా మార్చేస్తుంది. నీతి మనసుకి తగుల్తుంది, నిజమే. కానీ నీతితో చరిత్ర అర్థం కాదు.

ఇంకో ప్రశ్న దగ్గర సినిమా నిలబడాల్సినంత సేపు నిలబడలేదు. అసలు హరిబాబు ఒంటి మీద ఆ యూనిఫాం ఎందుకుంది? 1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో మన నాయకుల్ని ఎవర్నీ అడక్కుండా ఇండియా యుద్ధంలో ఉందని ప్రకటించాడు. దానికి నిరసనగా మద్రాసుతో సహా కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. అయినా యుద్ధం ముగిసేనాటికి సుమారు 25 లక్షల మంది భారతీయులు ఆ సైన్యంలో చేరారు. అంతకుముందు కొన్ని జాతులవాళ్ళే యుద్ధానికి పనికొస్తారని దక్షిణాది వాళ్ళని దూరంగా పెట్టిన ఇంగ్లీషువాళ్ళు, అవసరం ముంచుకొచ్చాక మద్రాసు ప్రెసిడెన్సీలో జోరుగా రిక్రూట్‌మెంట్ చేశారు. దేశభక్తితో చేరినవాళ్ళెందరో, జీతం కోసం, కడుపు కోసం చేరినవాళ్ళెందరో. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం లెక్కలో రెండో యుద్ధంలో చనిపోయిన అవిభక్త భారత సైనికులు సుమారు 87,000. ఫాసిజాన్ని ఓడించడం న్యాయమే. ఓడించమన్నవాడు మనల్ని బానిసలుగా ఉంచడం అన్యాయమే. ఈ రెండూ ఒకే మనిషి లోపల పడే పేచీ ఎంత గొప్ప కథ! హరిబాబు గుండెలో ప్రేమ పేచీకి దొరికినంత చోటు దీనికి దొరకలేదు.

'ఘాజీ' పిల్లలకి ఇంకా బాగా నచ్చింది. జలాంతర్గామి లోపలి ఇరుకు, ఉక్కపోత, సోనార్ శబ్దం కోసం చెవులు రిక్కించడం. పాటలు, కామెడీ ట్రాకు పెట్టకుండా ఇలా తీయడానికి ధైర్యం కావాలి. కథ మన విశాఖది. 1971 డిసెంబరు 3-4 అర్ధరాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరంలో మునిగిపోయింది. విమానవాహక నౌక విక్రాంత్‌ని వేటాడ్డానికి వచ్చింది అది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు తరలిపోయింది. ఇవి చరిత్ర. మన జలాంతర్గామి ఎస్-21 దానితో నీటి అడుగున తలపడ్డం, శత్రువుని రప్పించడానికి మనవాళ్ళు జనగణమన పాడ్డం, ఇవి కల్పన.

కల్పన మీద నాకు పేచీ లేదు. సినిమా చూశాక పిల్లలకి మూడు ప్రశ్నలిచ్చాను. ఘాజీ ఎలా మునిగింది? అందరూ రాశారు. ఎవరు గెలిచారు? అందరూ రాశారు. 1971 యుద్ధం ఎందుకొచ్చింది? "పాకిస్తాన్ అటాక్ చేసింది కాబట్టి." అంతే.

నిజానికి కారణం ఆ సినిమాలోనే ఉంది, జలాంతర్గామిలోకి ఎక్కి కూచుంది కూడా. తాప్సీ వేసిన శరణార్థి పాత్రే ఆ కారణం. 1970 ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లో అవామీ లీగ్ దాదాపు అన్ని సీట్లూ గెలిచింది. గెలిచినవాళ్ళకి అధికారం ఇవ్వలేదు. 1971 మార్చి 25 రాత్రి ఢాకాలో సైన్యం జనం మీద పడింది. సుమారు కోటి మంది మన దేశంలోకి పారిపోయి వచ్చారు. ఆ కోటి మందిలో ఒక మనిషి మన కథానాయకుడి ఎదురుగా కూచుని ఉంది. ఆమెని అడగొచ్చు కదా, నీకేం జరిగిందమ్మా అని? ఆమెకి మాటలే తక్కువ. కథకి ఆమె జాలి కోసం కావాలి, సాక్ష్యం కోసం కాదు. ఒక ఐదు నిమిషాలు ఆమె మాట్లాడి ఉంటే నా మూడో ప్రశ్నకి జవాబు వచ్చేది.

ఘాజీ మునిగిన తీరు మీద కూడా రెండు కథనాలున్నాయి. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ నీటిలోకి జారవిడిచిన పేలుడు ఛార్జీల వల్ల మునిగిందని మనవాళ్ళు అంటారు. దానంతట అది లోపల పేలిందని, లేదా తను పెట్టిన మైనే తనకి తగిలిందని అవతలివాళ్ళు అంటారు. పిల్లలకి ఈ సంగతి చెప్పినప్పుడు వాళ్ళు సినిమా చూసినంత ఆసక్తిగానూ విన్నారు. "మరి నిజం ఎట్ల తెలుస్తది సార్?" అన్నాడొకడు. చరిత్ర చదువు మొదలయ్యేది ఆ ప్రశ్న దగ్గరే. సినిమా ఆ ప్రశ్నకి తలుపు మూసి, తాళం వేసి, క్లైమాక్స్ ఇచ్చింది.

ఇక ఫలితాల సంగతి. రెండు సినిమాల్లోనూ, నిజానికి యుద్ధం మీద తీసే చాలా సినిమాల్లోనూ, ఫలితం అంటే శవపేటిక, జెండా, కన్నీళ్ళు. ఆ తర్వాత పేర్లు పడతాయి. యుద్ధం మటుకు ఆ తర్వాతే మన ఇళ్ళకి వస్తుంది.

అందుకని పిల్లలకి ఒక పని పెట్టాను. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళని అడగండి, యుద్ధం అంటే వాళ్ళకేం గుర్తుందో, వాళ్ళ పెద్దవాళ్ళు ఏం చెప్పారో. రెండు రోజుల్లో నలుగురు పట్టుకొచ్చారు. అందులో మూడు చెప్తాను.

ఒక పిల్లది శ్రీకాకుళం కుటుంబం. వాళ్ళ ముత్తాత రంగూన్ రేవులో కూలీ. రంగూన్‌లో తెలుగువాళ్ళు ఎంత మంది ఉండేవాళ్ళంటే, కోరంగి రేవు పేరు మీద వాళ్ళని అక్కడ కోరంగీలు అనేవాళ్ళు. 1941 డిసెంబరు 23న జపాన్ రంగూన్ మీద బాంబులేసింది. ఓడ దొరకనివాళ్ళు లక్షలాదిగా అడవుల్లో, కొండల్లో నడిచి ఇండియాకి వచ్చారు. దార్లో కలరా, మలేరియా, ఆకలి. ముత్తాత వచ్చాడు, ఆయన తమ్ముడు రాలేదు. అంతే తెలుసు ఆ ఇంట్లో. 1942 ఏప్రిల్ 6న అదే జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులేశాయని చెప్తే పిల్ల నోరు తెరిచింది. పాఠంలో జపాన్ అంటే పెర్ల్ హార్బర్, హిరోషిమా. మన రేవులో పడ్డ బాంబు ఒకటి ఇప్పటికీ విశాఖ మ్యూజియంలో ఉంది.

ఇంకొకడిది నల్లగొండ వైపు. వాళ్ళ నాయనమ్మ అన్నది ఒక్కటే మాట: "లెవీ." వాళ్ళమ్మ ఎప్పుడూ అనేదట, లెవీ గింజలకొచ్చి గాదె ఊడ్చుకపోయిండ్రు అని. పిల్లవాడికి లెవీ అంటే తెలీదు, ఏదో మనిషి పేరనుకున్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని మేం బోర్డు మీద ఒక గొలుసు గీశాం. బర్మా జపాన్ చేతికి పోయింది, అక్కణ్ణించి వచ్చే బియ్యం ఆగిపోయింది. సైన్యానికి తిండి కావాలి, ధరలు మండాయి. 1943లో బెంగాల్లో కరువొచ్చి 20 నుంచి 30 లక్షల మంది చనిపోయారు. ఇక్కడ హైదరాబాదు సంస్థానంలో నిజాం సర్కారు రైతుల దగ్గర బలవంతంగా లెవీ ధాన్యం వసూలు చేసింది. పెద్ద భూస్వాములు తప్పించుకున్నారు, చిన్న రైతు గాదె ఖాళీ అయింది. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమురయ్య తుపాకి గుండుకి బలయ్యేనాటికి జనం కోపంలో ఈ లెవీ కూడా కలిసి ఉంది.

"అంటే హిట్లర్ వల్ల తెలంగాణ సాయుధ పోరాటం వచ్చిందా సార్?" అన్నాడు నాలుగు మార్కులవాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం చాలా సంతోషమేసింది. ఎందుకంటే ఇప్పుడు విడమర్చి చెప్పొచ్చు. కాదురా, వెట్టి చాకిరీ ఎప్పట్నించో ఉంది, భూముల నుంచి గెంటెయ్యడం ఎప్పట్నించో ఉంది. ఆంధ్రమహాసభ, కమ్యూనిస్టులు ఊరూరా పనిచేశారు. యుద్ధం కొత్త భారం మోపి, ఉన్న పుండుని కెలికింది. ఏది వేరు, ఏది కొమ్మ, ఏది గాలి అన్నది విడదీసి చూడ్డమే కారణాల పాఠం. అది జాబితా కాదు. పుస్తకంలో ఒక అధ్యాయంలో ప్రపంచ యుద్ధం, ఇంకో అధ్యాయంలో తెలంగాణ పోరాటం విడివిడిగా ఉన్నాయి. ఒక ముసలమ్మ మాట రెండిటినీ కుట్టేసింది.

మూడోవాడిది కృష్ణానగర్. వాళ్ళ నాన్న జూనియర్ ఆర్టిస్టు. వాడికి పెద్దవాళ్ళెవరూ లేరు, నాన్ననే అడిగాడు. వచ్చి సిగ్గుపడుతూ చెప్పాడు: "మా నాన్న సైనికుడి వేషంల ఒకే దినం నాలుగుసార్లు సచ్చిపోయిండు సార్. ఒకసారి డ్రెస్ మార్చి అవతలోళ్ళ దిక్కు గూడ సచ్చిండు."

పిల్లలు పగలబడి నవ్వారు. వాడూ నవ్వాడు. నవ్వు ఆగాక ఒక పిల్ల మెల్లిగా అంది, "అంటే రెండు దిక్కుల సచ్చినోళ్ళు ఒకరే కదా సార్."

నేను ఇన్నేళ్ళలో యుద్ధం గురించి అంతకంటే మంచి వాక్యం బోర్డు మీద రాయలేదు. ఘాజీలో తొంభై మందికి పైగా ఉన్నారు. వాళ్ళు ఇంకా విశాఖ సముద్రం అడుగునే ఉన్నారు, ఆ ఇనుపపెట్టెలో. సినిమాలో వాళ్ళ కెప్టెన్ ఒక్కడికే మొహం ఉంది, అదీ క్రూరంగా. మన వైపు చనిపోయినవాళ్ళకి మటుకు అందరికీ మొహాలున్నాయా? హీరో వెనకాల పరిగెత్తి పడిపోయేవాళ్ళు కెమెరాకి ఏమీ కారు. కృష్ణానగర్ అడ్డా మీద పొద్దున్నే నిలబడి, భోజనం ప్యాకెట్టు అందుకుని, చచ్చి, మళ్ళీ లేచి బస్సెక్కేవాళ్ళు వాళ్ళు. నిజం యుద్ధంలో లేవనివాళ్ళూ దాదాపు ఇలాంటి ఇళ్ళ వాళ్ళే.

నేను సినిమాలు పాఠ్యపుస్తకాలుగా ఉండాలని అడగడం లేదు. అలా ఉంటే ఎవరూ చూడరు, చూడక్కర్లేదు కూడా. 'కంచె' ఆ మాత్రం ఆలోచన రేపకపోయుంటే, 'ఘాజీ' ఆ మాత్రం ఉత్కంఠ కలిగించకపోయుంటే మా మేడ మీద ఇంత చర్చే జరిగేది కాదు. నేనడిగేది రెండే. నీతి చెప్పేటప్పుడు నిర్ణయాల్ని దాచెయ్యొద్దు. కారణం ఎదురుగా వచ్చి కూచున్నప్పుడు దాన్ని మాట్లాడనివ్వండి. టీచర్లని అడిగేది ఇంకొకటుంది: ఫలితాల పాఠం సంధి మీద సంతకాల దగ్గర ఆపొద్దు. గాదె దాకా తీసుకురండి.

జూన్‌లో బళ్ళు తెరిచే ముందు చివరి పరీక్ష పెట్టాను. యుద్ధానికి కారణాలు, ఫలితాలు. నాలుగు మార్కులవాడు ఈసారి పేజీన్నర రాశాడు. సగం గజిబిజి. రెండు తేదీలు తప్పు. నానాజాతి సమితి మర్చేపోయాడు. బోర్డు పరీక్షలో అయితే రెండున్నర కంటే రావు. కానీ ఫలితాల కింద ఆఖర్న, కొట్టేసి మళ్ళీ రాసిన ఒక వాక్యం ఉంది: 'లెవీ కట్టినోళ్ళకి యుద్ధం ఎప్పుడు అయిపోయిందో పుస్తకంల లేదు.'

ఎన్ని మార్కులెయ్యాలో తెలీక ఆ కాగితం ఇంకా నా బల్ల మీదే ఉంచుకున్నాను.